స్పియర్‌గన్

స్పియర్‌గన్ లేదా ఈటె తుపాకి అనగా నీటిలో మునిగి ఈదుతూ చేపలను వేటాడుటకు వాడే సాధనము. పేరులో తుపాకి ఉన్నప్పటికీ దీనిలో మందుగుండు ఉండదు. సాగదీసిన రబ్బరు బలముతో గాని, కుదించిన గాలి బలముతో గాని ఒక సన్నని ఉక్కు ఈటె ముందుకు దూసుకుపోతుంది. ఈటెకు తాడు కట్టి ఉంటుంది కనుక, తగిలిన చేపను వేటగాడు తనవైపు లాగుకొనగలడు. ఊపిరి బిగపట్టి, మునిగి చేసే ఈ వేటను స్పియర్ ఫిషింగ్ అంటారు.

కొత్తగా నేర్చుకొనేవారు తుపాకిని ఎన్నుకొనేటప్పుడు సాధారణంగా దాని బలమును, ధరను చూస్తారు. అన్నింటికంటే ముందు చూడవలసినది తాము దిగబోయే నీరు ఎంత తేటగా ఉన్నదన్న విషయము. తుపాకి పొడవు, రబ్బరు మందము, ఈటె లావు ఇవన్నీ దానిని అనుసరించే నిర్ణయించబడతాయి. తెలుగునాట ఈ భేదము స్పష్టముగా కనిపిస్తుంది. విశాఖపట్నం రాతి తీరమునకు సరిపోయే తుపాకి గోదావరి సముద్రములో కలిసే చోటి బురద నీటికి సరిపోదు. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న చండ్రుగొండ వంటి ప్రాంతాల చెరువులకు, వాగులకు ఏ స్పియర్‌గన్ కూడా తగినది కాదు. ఆ కారణములు ఈ వ్యాసము చివరి భాగములో వివరించబడినవి.

చరిత్ర

బల్లెముతో చేపను పొడిచి పట్టుట అతి ప్రాచీనమైన పద్ధతి. ప్రాచీన ఈజిప్టు సమాధుల గోడలపై బల్లెముతో చేపలను పొడుస్తున్న వేటగాళ్ళ చిత్రాలు ఉన్నాయి. నీటిలో మునిగి వేటాడే ఆధునిక క్రీడ మాత్రము 1930వ దశకములో ఫ్రాన్సు దేశపు మధ్యధరా తీరములో రూపుదిద్దుకున్నది. నీరు చొరబడని కళ్ళజోళ్ళు వచ్చిన తరువాత ఈదేవారికి నీటి అడుగు స్పష్టముగా కనిపించసాగింది. ఆ తీరములో నివసించిన అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ 1938లో ఈ వేటపై 'ది కంప్లీట్ గాగ్లర్' అను పుస్తకమును ప్రచురించాడు. తొలినాటి తుపాకులలో ఉక్కు స్ప్రింగును వాడేవారు. అవి బరువుగా ఉండి, ఉప్పునీటిలో త్వరగా తుప్పు పట్టేవి.

1947లో మార్సెయి నగరమునకు చెందిన జార్జ్ బ్యూషా రబ్బరుతో పనిచేసే తుపాకిని రూపొందించాడు. నేడు ఎక్కువ మంది వాడుతున్న తుపాకులు ఈ కోవకు చెందినవే. ఇటలీలో 1946లో స్థాపించబడిన క్రెస్సి, 1949లో స్థాపించబడిన మారెస్ సంస్థలు కూడా ఈ రంగములో పేరు పొందినవి. తరువాతి దశాబ్దాలలో గాలి తుపాకులు వ్యాప్తిలోకి వచ్చాయి. నీటి అడుగు చేపల వేటలో తొలి ప్రపంచ పోటీలు 1957లో అప్పటి యుగోస్లేవియాలోని మాలి లోషిన్ పట్టణములో జరిగాయి. గాలి సిలిండరు ధరించి వేటాడుట అనేక దేశాలలో నిషిద్ధము. పోటీలలో కూడా ఊపిరి బిగపట్టి మునిగేవారికే ప్రవేశము ఉంటుంది.

పనిచేయు విధానము

రబ్బరు తుపాకి పనితీరు పిల్లలు ఆడుకొనే పంగలకర్రను పోలి ఉంటుంది. గొట్టము ముందు భాగమైన మూతి వద్ద రబ్బరు గట్టిగా బిగించి ఉంటుంది. దానిని వెనుకకు లాగి ఈటెపై ఉన్న గంటులో తగిలిస్తారు. ఈటె తోక పిడిలోని ఉక్కు కొక్కెమునకు పట్టుకొని ఉంటుంది. మీట నొక్కగానే కొక్కెము విడిపోయి, రబ్బరు తన మొదటి పొడవునకు చేరుకుంటూ ఈటెను ముందుకు తోస్తుంది.

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందువలన గాలిలో బాణము పోయినంత దూరము నీటిలో ఈటె పోలేదు. కొద్ది మీటర్లలోనే దాని వేగము తగ్గిపోతుంది. సాధారణమైన 75 సెం.మీ. తుపాకితో ఈటె కొన నుండి సుమారు 3 మీటర్ల లోపు ఉన్న చేపను మాత్రమే నమ్మకముగా కొట్టవచ్చును. తుపాకికి ఎంత బలము పెంచినా ఈ దూరము కొద్దిగానే పెరుగుతుంది. వెనుకకు తన్నే తాకిడి మాత్రము బాగా పెరిగి గురి చెడుతుంది.

ముఖమునకు అద్దము ధరించి నీటిలో చూచినప్పుడు కాంతి వక్రీభవనము వలన వస్తువులు అసలు దూరములో నాలుగింట మూడు వంతుల దూరములో ఉన్నట్లు కనిపిస్తాయి. పరిమాణము మూడింట ఒక వంతు ఎక్కువగా తోస్తుంది. అనగా 3 మీటర్ల దూరములో ఉన్నట్లు తోచే చేప నిజానికి 4 మీటర్ల దూరములో ఉంటుంది. కొత్తవారి ఈటెలు తరచుగా చేపను చేరకముందే బలహీనపడుటకు ఇది ఒక ముఖ్య కారణము. తుపాకి బలము చాలలేదని వారు భావిస్తారు. అసలు లోపము దూరపు అంచనాలో ఉంటుంది.

రకములు

- పోల్ స్పియర్: ఇది తుపాకి కాదు. పొడవైన కడ్డీకి వెనుక రబ్బరు ఉచ్చు ఉంటుంది. ఉచ్చును చేతికి తగిలించుకొని, కడ్డీని ముందుకు జరిపి పట్టుకొని, చేప దగ్గరకు వచ్చినప్పుడు పిడికిలి వదులుతారు. మీట, కొక్కెము లేవు కనుక ప్రమాదము తక్కువ, ధర తక్కువ. చేపను చాలా దగ్గరగా చేరుకొనవలసి ఉంటుంది కనుక నిదానముగా ఈదుట, కదలకుండా వేచి ఉండుట అలవడతాయి.

- హవాయి స్లింగ్: ఒక చిన్న గొట్టము గుండా ఈటెను దూర్చి, రబ్బరుతో వెనుకకు లాగి వదులుతారు. ఇది విల్లు వంటిది. ఈటెకు సాధారణంగా తాడు ఉండదు కనుక తేట నీటిలో మాత్రమే పనికివస్తుంది.

- రబ్బరు తుపాకి: అల్యూమినియము, కార్బన్ లేదా కర్రతో చేసిన గొట్టము లేక దండము ఉంటుంది. మరమ్మతు సులభము. రబ్బరు పాడైతే ఇంటివద్దనే మార్చుకొనవచ్చును. తొలి తుపాకిగా ఎక్కువ మందికి సూచించబడేది ఇదే.

- రోలర్ తుపాకి: మూతి వద్ద చిన్న చక్రాలు ఉండి, రబ్బరు గొట్టము క్రింది భాగము నుండి చక్రము మీదుగా పైకి వస్తుంది. పొట్టి తుపాకిలోనే ఎక్కువ బలము, తక్కువ తన్ను లభిస్తాయి. రబ్బరు ఎల్లప్పుడూ కొంత బిగువుగానే ఉంటుంది. అమరిక క్లిష్టమైనది కనుక అనుభవము వచ్చిన తరువాత తీసుకొనుట మేలు.

- గాలి తుపాకి: గొట్టములో చేతి పంపుతో గాలిని నింపుతారు. ఈటెను మూతి నుండి లోపలికి త్రోసినప్పుడు గాలి మరింత కుదించబడుతుంది. పొట్టిగా ఉండుట వలన రాళ్ళ సందులలో తిప్పుటకు అనుకూలము. లోపలి రబ్బరు వలయాలు అరిగితే గాలి కారిపోతుంది. విప్పి బాగుచేయుటకు నైపుణ్యము కావలెను. ఎక్కించేటప్పుడు ఈటె మొన మనిషి వైపు జారివచ్చే ప్రమాదము ఉన్నది.

తొలి తుపాకి ఎంపిక

పొడవు: రబ్బరు తుపాకుల పొడవును సెంటీమీటర్లలో చెబుతారు. 50, 60, 75, 90, 100, 110 సెం.మీ. తుపాకులు సాధారణముగా లభిస్తాయి. నీటిలో ఎంత దూరము వరకు చేపను చూచి, అది ఏ చేప అని గుర్తుపట్టగలరో దానిని దృశ్యతగా తీసుకొనవలెను. వేటగాళ్ళు పాటించే స్థూలమైన లెక్క ఈ విధముగా ఉంటుంది.

- దృశ్యత 2 మీటర్ల లోపు: కొత్తవారు దిగరాదు.
- 2 నుండి 4 మీటర్లు: 60 లేదా 75 సెం.మీ.
- 4 నుండి 8 మీటర్లు: 75 లేదా 90 సెం.మీ.
- 8 నుండి 15 మీటర్లు: 90 నుండి 110 సెం.మీ.
- 15 మీటర్లు దాటి, లోతైన సముద్రములో పెద్ద చేపలకు: 110 సెం.మీ. పైన.

పొడవైన తుపాకి దూరము కొడుతుందన్నది నిజమే. కాని దానిని నీటిలో ప్రక్కకు తిప్పుట కష్టము. రాళ్ళ నడుమ అది అడ్డుపడుతుంది. పైగా కనుచూపు అందనంత దూరము కొట్టగల తుపాకి వలన లాభము లేకపోగా, కనిపించని తోడు వేటగానికి ప్రాణాపాయము కలుగుతుంది. తీర ప్రాంతములో తొలిసారి కొనేవారికి 75 లేదా 90 సెం.మీ. పొడవు సాధారణముగా సరిపోతుంది.

రబ్బరు: రబ్బరు మందము 14 నుండి 20 మి.మీ. వరకు ఉంటుంది. కొత్తవారికి 16 లేదా 18 మి.మీ. రబ్బరు ఒక్కటి చాలును. రెండు రబ్బర్లు గల తుపాకి మొదట అవసరము లేదు. రబ్బరును దాని అసలు పొడవునకు 3 నుండి 3.5 రెట్లు సాగేటట్లు కత్తిరిస్తారు. ఉదాహరణకు మూతి నుండి గంటు వరకు 70 సెం.మీ. దూరము ఉన్నచో రెండు ప్రక్కలా కలిపి రబ్బరు 140 సెం.మీ. వరకు సాగవలెను. 3.5 రెట్ల లెక్కన 40 సెం.మీ. ముక్క కావలెను. 3 రెట్ల లెక్కన సుమారు 47 సెం.మీ. ముక్క సరిపోతుంది. ఎక్కించుటకు చేతులు వణికేటంత బిగువైన రబ్బరు కంటే, అలసిన స్థితిలో కూడా ఎక్కించగల రబ్బరు మేలు.

ఈటె: ఈటె లావు 6 నుండి 8 మి.మీ. వరకు ఉంటుంది. 75 సెం.మీ. తుపాకికి 6.5 మి.మీ., 90 సెం.మీ. తుపాకికి 6.5 లేదా 7 మి.మీ. ఈటె వాడుక. సన్నని ఈటె వేగముగా పోతుంది కాని రాతికి తగిలితే వంగుతుంది. లావు ఈటె నిదానము, కాని గట్టిది. మొన దగ్గర రెక్కవలె తెరుచుకొనే ముల్లు చేపను జారిపోనీయదు. ఒకే ముల్లు గల ఈటె కొత్తవారికి చాలును. కొనేముందు ఈటెను కంటి ఎదుట పట్టుకొని దాని వెంబడి చూడవలెను. కొద్దిపాటి వంకర ఉన్నా ఈటె గురి తప్పుతుంది.

తాడు: ఈటెకు కట్టే తాడు లావైన నైలాను దారముతో గాని, గట్టి అల్లిక దారముతో గాని ఉంటుంది. రాళ్ళ వద్ద నైలాను ఒరిపిడికి ఓర్చుకుంటుంది. అల్లిక దారము మెత్తనిది, చుట్టుటకు సులభము, కాని పదునైన రాతికి త్వరగా తెగుతుంది. తుపాకికి రీలు అమర్చుట మొదట అవసరము లేదు. పైన తేలే బెండునకు కట్టిన తాడు ఎక్కువ భద్రమైనది.

పిడి, మీట: పిడి చేతికి అమరవలెను. ఇరుకైన పిడిలో తడిసిన చేతి తొడుగు పట్టదు. లోపలి కొక్కెము స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయబడి ఉండుట మేలు. ఈటెను కొక్కెములో తగిలించి, రబ్బరు ఎక్కించకుండా చేతితో ముందుకు లాగి చూడవలెను. అది జారివస్తే ఆ తుపాకిని కొనరాదు. పాత తుపాకి కొనేవారు ఈ పరీక్షను పలుమార్లు చేయవలెను. మీట జారకుండా ఆపే తాళము చాలా తుపాకులకు ఉంటుంది. దానిని నమ్మి మొనను మనిషి వైపు పెట్టరాదు.

తేలుట: ఈటె వెళ్ళిపోయిన తరువాత తుపాకి నీటిపై తేలవలెను. చేతి నుండి జారినప్పుడు మునిగిపోయే తుపాకి కొరకు కొత్తవారు తమ శక్తికి మించిన లోతుకు దిగే ప్రమాదము ఉన్నది.

విడి భాగాలు: మన దేశములో లభించే స్పియర్‌గన్లలో ఎక్కువ భాగము విదేశాలలో తయారైనవి. కనుక రబ్బరు, ఈటె, తాడు సులభముగా దొరికే నమూనాను ఎన్నుకొనుట మంచిది. ఎండలో ఉంచిన రబ్బరు పగుళ్ళు తేలి తెగిపోతుంది. వేట ముగిసిన తరువాత తుపాకిని మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. పగుళ్ళు కనిపించిన రబ్బరును వెంటనే మార్చవలెను.

తుపాకి కంటే ముందు కావలసినవి

తుపాకికి డబ్బు ఖర్చుచేసి మిగిలిన సామగ్రిని తక్కువ ధరలో సరిపెట్టుకొనుట కొత్తవారు తరచుగా చేసే పని. ఈ క్రమము తలక్రిందులు కావలెను. ముఖమునకు సరిగా అతికే అద్దము, గాలి పీల్చే గొట్టము, పాదాల రెక్కలు ముందుగా కావలెను. పడవలకు కనిపించే జెండా గల బెండు తప్పనిసరి. తాడు చుట్టుకొనినప్పుడు కోసుకొనుటకు చిన్న కత్తి చేతికి అందే చోట ఉండవలెను. నడుమునకు కట్టే సీసపు బరువుల పట్టీ ఒక్క చేతితో విప్పగలిగినదై ఉండవలెను. అన్నిటికంటే ముఖ్యముగా ఒక తోడు కావలెను.

ఊపిరి బిగపట్టుటలోని ప్రమాదము

ఈ వేటలో ప్రాణాలు పోవుటకు తుపాకి కంటే ఊపిరి బిగపట్టుట పెద్ద కారణము. ఊపిరి తీసుకొనవలెనన్న తహతహ రక్తములో ప్రాణవాయువు తగ్గుట వలన కాక, ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువు పెరుగుట వలన కలుగుతుంది. మునిగే ముందు వేగముగా, లోతుగా అనేకసార్లు ఊపిరి తీసినచో బొగ్గుపులుసు వాయువు బయటకు పోయి ఆ తహతహ ఆలస్యమవుతుంది. అంతలో ప్రాణవాయువు మాత్రము ఖర్చవుతూనే ఉంటుంది.

10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలము కంటే రెట్టింపు ఉంటుంది. ఆ ఒత్తిడి వలన ఊపిరితిత్తులలో మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువు కూడా రక్తములోనికి చేరుతుంది. పైకి వస్తున్నప్పుడు ఒత్తిడి తగ్గి, ఆ సరఫరా హఠాత్తుగా పడిపోతుంది. చివరి కొద్ది మీటర్లలో గాని, నీటిపైకి తల తేలిన వెంటనే గాని ముందస్తు సూచన లేకుండా స్పృహ తప్పుతుంది. దగ్గరలో చూచేవారు ఉంటే ముఖమును నీటిపైకి ఎత్తి బ్రతికించవచ్చును. ఎవరూ లేనిచో మరణమే.

కనుక ఒకరు మునిగినప్పుడు రెండవవారు పైన ఉండి చూచుట ఈ వేటలో ప్రధాన నియమము. పైకి వచ్చిన తరువాత కూడా కనీసము అర నిమిషము పాటు మునిగినవానిని గమనించవలెను. మునిగిన సమయమునకు కనీసము రెట్టింపు సమయము పైన విశ్రాంతి తీసుకొనవలెను. జలుబు ఉన్నప్పుడు చెవులలోని ఒత్తిడి సర్దుబాటు కాదు కనుక దిగరాదు. పల్లెలలో బావులలో ఈత నేర్చినవారు ఎవరు ఎక్కువ సేపు మునిగి ఉంటారని పందెములు వేసుకొనుట కద్దు. ఆ పందెములకు కూడా ఈ ప్రమాదము వర్తిస్తుంది. లోతు తక్కువ కదా అను ధైర్యము పనికిరాదు.

ఎక్కించుట, దింపుట

- తుపాకిని నీటిలో దిగిన తరువాతనే ఎక్కించవలెను. నీటి నుండి బయటకు వచ్చే ముందే దింపవలెను.
- ఎక్కించేటప్పుడు పిడి చివరను రొమ్మునకు లేదా తుంటికి ఆనించి, రెండు చేతులతో సమానముగా రబ్బరును లాగవలెను. మొన ఎవరూ లేని వైపునకు ఉండవలెను.
- గట్టుపై గాని, పడవలో గాని ఎక్కించిన తుపాకిని పేల్చరాదు. గాలిలో ఈటె వేగమును ఆపే నీటి ఒరిపిడి ఉండదు. అది తాడు చివర వరకు పోయి వెనుకకు తిరిగి తగలవచ్చును.
- నీటి ఉపరితలమునకు సమాంతరముగా, ఈదేవారు ఉన్న వైపునకు కొట్టరాదు.
- ఏ చేపయో గుర్తుపట్టనిదే మీట నొక్కరాదు. గాలముతో పట్టిన చేపను తిరిగి నీటిలో వదలవచ్చును. ఈటె తగిలిన చేపను వదిలినా అది సాధారణముగా బ్రతకదు.

తెలుగు తీరములో

విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాలలో కొండలు సముద్రమును తాకుతూ, నీటి అడుగున రాతి గుట్టలు ఉన్నాయి. రాళ్ళ సందులలో చేపలు తలదాచుకుంటాయి. నీరు తేటగా ఉన్న రోజులలో ఇటువంటి చోట 75 లేదా 90 సెం.మీ. తుపాకి అనుకూలము. అదే తీరములో అలలు ఎక్కువగా ఉన్న రోజున, వరద తరువాత దృశ్యత పడిపోతుంది. గోదావరి, కృష్ణా నదులు సముద్రములో కలిసే చోట్ల ఒండ్రు మట్టి వలన నీరు మసకగా ఉంటుంది. తుపాకి ఒకటే అయినా నీరు రోజురోజుకు మారుతుంది కనుక, దిగే ముందు ఆనాటి దృశ్యతను పరీక్షించి, చాలనప్పుడు తిరిగి వెళ్ళుట ఉత్తమము.

చండ్రుగొండ పరిసరాల నీళ్ళు

చండ్రుగొండ తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. కొత్తగూడెం, సత్తుపల్లి పట్టణాల నడుమ అడవులు, చెరువులు, వాగులతో కూడిన ప్రాంతమిది. విసురువల, గాలము, ఊత ఇక్కడి వాడుక సాధనాలు. అడవి గ్రామాలలోని కోయలకు విల్లంబులు, బల్లెము కూడా సంప్రదాయ సాధనాలే.

గట్టుపై నిలబడి చేపను కొట్టుటకు, నీటిలో మునిగి కొట్టుటకు గురిలో ముఖ్యమైన భేదము ఉన్నది. గట్టు నుండి చూచేవానికి వక్రీభవనము వలన చేప అసలు ఉన్నచోటు కంటే పైన ఉన్నట్లు కనిపిస్తుంది. నిట్టనిలువుగా చూచినప్పుడు 1 మీటరు లోతులో ఉన్న చేప సుమారు 75 సెం.మీ. లోతులో తోస్తుంది. ఏటవాలుగా చూచినకొలదీ ఈ తేడా పెరుగుతుంది. కనుక విలుకాడు కనిపించే చేపకు కాక దాని క్రిందికి గురిపెట్టవలెను. నీటిలో మునిగినవాడు చేపకే గురిపెట్టవలెను. దూరమును మాత్రము సరిదిద్దుకొనవలెను. ఒక పద్ధతిలో అలవడిన గురి రెండవ పద్ధతిలో తప్పుతుంది.

ఈ ప్రాంతపు చెరువులలో స్పియర్‌గన్ తగదనుటకు నాలుగు కారణములు ఉన్నాయి.

మొదటిది దృశ్యత. వర్షాకాలములో వాగులు ఎర్రమట్టిని మోసుకొస్తాయి. వేసవిలో చెరువులు కుంచించుకుపోయి అడుగు బురద కలుగుతుంది. మిగిలిన కాలములో నాచు, తూడు వంటి మొక్కలు అడ్డుపడతాయి. రెండు మీటర్ల దృశ్యత కూడా లేని నీటిలో ఈటెను వదులుట గుడ్డిగా వదులుటయే.

రెండవది మనుషులు, పశువులు. పల్లె చెరువు వేటకు మాత్రమే ఉన్నది కాదు. పిల్లలు ఈదుతారు, గేదెలు మునిగి ఉంటాయి, బట్టలు ఉతుకుతారు. నీటిపైన ఎవరూ కనిపించకపోయినా నీటిలో ఎవరూ లేరని చెప్పలేము.

మూడవది నీటి అడుగు. మునిగిన మొద్దులు, ముళ్ళకంపలు, తెగిన వలలు ఈటె తాడునకు, వేటగాని కాళ్ళకు చుట్టుకుంటాయి. ఊపిరి బిగపట్టి మునిగినవానికి ఆ చిక్కును విప్పుకొనే సమయము ఉండదు.

నాలుగవది చేపపై హక్కు. తెలంగాణలో అనేక చెరువులలో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటుంది. 2016 నుండి రాష్ట్ర ప్రభుత్వము ఉచితముగా చేప పిల్లలను చెరువులలో వదిలే పథకమును చేపట్టింది. బొచ్చె, రవ్వ వంటి చేపలు ఆ విధముగా పెంచబడుతున్నవి. సంఘము అనుమతి లేకుండా వాటిని కొట్టుట ఇతరుల జీవనోపాధిని హరించుటయే అవుతుంది.

కొరమీను విషయములో ప్రత్యేక జాగ్రత్త అవసరము. కొర్రమట్ట అని కూడా పిలువబడే ఈ చేపను 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఇది గాలి పీల్చుటకు తరచు నీటిపైకి వస్తుంది. గుడ్లు పొదిగిన తరువాత పిల్లలు గుంపుగా నీటిపై తిరుగుతుంటే తల్లిదండ్రి చేపలు దాని క్రిందనే కావలి ఉంటాయి. మనిషి దగ్గరకు వచ్చినా త్వరగా వదలిపోవు. అందువలన ఈటెకు, బాణమునకు చాలా సులభముగా దొరుకుతాయి. ఆ సమయములో పెద్ద చేపను కొట్టినచో కావలి లేని పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేస్తాయి. ఒక్క చేపతో ఒక సంతానమంతా పోతుంది.

ఈ ప్రాంతము నుండి స్పియర్ ఫిషింగ్ నేర్చుకొనదలచినవారు ఈత, అద్దముతో చూచుట, పాదాల రెక్కలతో ఈదుట వంటి వాటిని తోడుతో సహా తేట నీటి కొలనులో అభ్యసించవచ్చును. గురి నేర్చుకొనుట, తుపాకి కొనుట తీరమునకు వెళ్ళి అనుభవజ్ఞుల వెంట కొన్నిసార్లు దిగిన తరువాత చేయదగిన పనులు. అప్పటికి ఏ పొడవు తుపాకి కావలెనో వారికే తెలుస్తుంది.

చట్టపరమైన అంశములు

- 1897 నాటి భారత మత్స్య చట్టము నీటిలో ప్రేలుడు పదార్థాలను, విషమును ప్రయోగించి చేపలను చంపుటను నేరముగా పరిగణించింది.
- 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము తాబేళ్ళు, డాల్ఫిన్లు, తిమింగలపు సొర, సముద్ర దోసకాయలు మొదలైన రక్షిత జీవులను వేటాడుట నేరము.
- పాల్వంచ సమీపములోని కిన్నెరసాని జలాశయము, దాని చుట్టూ ఉన్న అడవి వన్యప్రాణి అభయారణ్యములో భాగము. జలాశయములో మొసళ్ళు ఉన్నాయి. అభయారణ్యములో అనుమతి లేకుండా ప్రవేశించి వేటాడరాదు.
- తూర్పు తీరములో ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలతో సముద్రపు వేట నిషేధించబడుతుంది. చేపల సంతానోత్పత్తిని కాపాడుట దీని ఉద్దేశ్యము.
- విమాన ప్రయాణములో స్పియర్‌గన్‌ను చేతి సామానులో తీసుకుపోరాదు.